మసాలా క్రాఫ్ట్ బీరు రుచి చూడటం ఎలా: తిరుపతి, చిత్తూరు పాఠకులకు సమగ్ర మార్గదర్శి

బ్రూపబ్‌లో (బీరును అక్కడికక్కడే తయారుచేసి అమ్మే చోట) గోధుమ బీరు తాగి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "లవంగం వాసన గుప్పుమంది, ఎన్ని వేసుంటారు?" చాలాసార్లు ఆ బీరులో ఒక్క లవంగం కూడా పడి ఉండదు. ఆ వాసన బీరును పులియబెట్టే ఈస్ట్ పుట్టించినది. మసాలా బీరును రుచి చూడటంలో అసలు పని ఇక్కడే ఉంది. ఏది మసాలా డబ్బాలోంచి వచ్చింది, ఏది ఈస్ట్ నుంచి వచ్చింది, ఏది హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) నుంచి వచ్చింది అని విడదీయగలిగితే మిగతాదంతా తేలికే.

బ్రూపబ్ మీ ఊళ్లోదైనా, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వెళ్లి చూసే బెంగళూరుదైనా పద్ధతి ఒకటే. 21 ఏళ్లు నిండినవాళ్లకే ఇది. గర్భిణులు, మద్యంతో పడని మందులు వాడుతున్నవాళ్లు 1వ అంచెలో చెప్పిన వాసనల సాధన వరకు చేసి ఆగిపోండి.

## 1. రెండు రోజుల ముందు: ఇంట్లో ముక్కుకు తర్ఫీదు

వంటింట్లో రోజూ వాడే దినుసులే కదా అని ఈ అంచె దాటేయకండి. మనకు ధనియాలు తెలుసు, కానీ ఎక్కువగా వేయించినవి, కారంతో కలిపినవి తెలుసు. బీరులో పడేవి పచ్చి ధనియాలు. ఆ వాసన వేరు, నిమ్మతొక్కకు దగ్గరగా ఉంటుంది.

కావలసినవి:

- మూతలున్న చిన్న గిన్నెలు 6
- పచ్చి ధనియాలు, లవంగాలు, దాల్చిన చెక్క, మిరియాలు, యాలకులు, శొంఠి
- ఒక నారింజ లేదా కమలా పండు తొక్క (తెల్ల పొర తీసేసి)
- ఒక బాగా మాగిన అరటిపండు

ఒక్కో దినుసు అర టీస్పూను చొప్పున అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచి గిన్నెలో వేసి మూత పెట్టండి. లవంగాలు మాత్రం రెండు చాలు. పొడి డబ్బాలోంచి తీస్తే పనికిరాదు, వాసన సగం ఎగిరిపోయి ఉంటుంది. ఐదు నిమిషాలాగి, కళ్లు మూసుకుని, ఇంట్లో ఎవరితోనైనా గిన్నెల వరస మార్పించి ఒక్కొక్కటి పసిగట్టండి. ఆరింట్లో ఐదు తప్పకుండా చెప్పగలిగేదాకా చేయండి. తర్వాత రెండేసి కలిపి చూడండి. ధనియాలతో నారింజ తొక్క ఒక జత, లవంగంతో అరటిపండు ఇంకో జత. ఈ రెండు జతలు బ్రూపబ్‌లో కచ్చితంగా ఎదురవుతాయి.

ఇంకో మెట్టు పైకెళ్లాలనుకుంటే, దంచిన ధనియాలు ఒక టీస్పూను తీసుకుని 100 మి.లీ. వేడినీళ్లలో మూతపెట్టి పది నిమిషాలు ఉంచి, వడకట్టి, చల్లార్చండి. మామూలు లేత రంగు బీరు 100 మి.లీ.కి ఈ నీళ్లు ఒక టీస్పూను కలిపి, కలపని బీరు పక్కన పెట్టి పోల్చండి. మసాలా చేరితే బీరు ఎక్కడ మారుతుందో అప్పుడు నాలుకకే తెలుస్తుంది. మద్యం వద్దనుకుంటే సాదా సోడాతో చేసినా వాసన మటుకు తెలిసిపోతుంది.

## 2. వెళ్లే రోజు జాగ్రత్తలు

రుచి చూడటానికి మూడు గంటల ముందు నుంచి:

- కారం ఎక్కువున్న కూడు వద్దు. నాటుకోడి పులుసు, ఊరిబిండి, ఊరగాయ తిన్న నాలుక మిరియాల చురుకును పట్టలేదు.
- ఫిల్టర్ కాఫీ, వక్కాకు, జర్దా, సిగరెట్ వద్దు. వక్కాకులో సున్నం, వక్క వగరు నోట్లో చాలాసేపు ఉంటాయి.
- సెంటు, అత్తరు, గంధం, ఘాటైన తలనూనె వద్దు. తలలో మల్లెపూలుంటే ఆ రోజుకు పక్కన పెట్టండి. పక్కవాళ్ల ముక్కుకు కూడా అడ్డం.
- పళ్లు తోముకున్నాక కనీసం గంట విరామం ఇవ్వండి.

ఖాళీ కడుపుతో మాత్రం పోకండి. పెరుగన్నం, ఇడ్లీ, సాదా దోసె లాంటివి తినండి. జలుబు చేసి ముక్కు దిబ్బడ ఉంటే ఇంకో రోజు పెట్టుకోండి. వాసన తెలియకపోతే చేదు, తీపి, పులుపు తప్ప ఏమీ మిగలదు.

## 3. మెనూ చదవడం, అడగాల్సినవి అడగడం

కూర్చోగానే ఆర్డర్ ఇవ్వకుండా మెనూలో మూడు సంగతులు చూడండి. బీరు రకం, మద్యం శాతం (ఏబీవీ అని రాస్తారు), చేదు కొలత (ఐబీయూ).

- విట్‌బియర్: బెల్జియం రకం. మాల్ట్ చేయని (మొలకెత్తించి ఎండబెట్టని) గోధుమ, ధనియాలు, నారింజ తొక్క వాడతారు. మద్యం 5 శాతం అటూ ఇటూ, చేదు తక్కువ. మసాలా బీరు మొదటిసారి రుచి చూసేవాళ్లకు ఇదే సరైన ఎంపిక.
- హెఫెవైజెన్: జర్మన్ గోధుమ బీరు. అరటిపండు, లవంగం వాసనలు. మసాలా వేయరు.
- సేజాన్: ఈస్ట్ వల్ల మిరియాల తీరు వాసన. కొందరు నిజం మసాలా కూడా వేస్తారు, అందుకే అడగాలి.
- గుమ్మడి బీరు, పండుగ సీజన్ బీర్లు: దాల్చిన చెక్క, జాజికాయ, లవంగం, అల్లం కలిపి వేసేవి. మద్యం శాతం ఎక్కువ ఉండొచ్చు.

వడ్డించేవాళ్లనో, వీలైతే బ్రూయర్‌నో ఈ నాలుగు అడగండి:

1. ఇందులో నిజంగా మసాలా పడిందా? ఏవేవి?
2. మరిగేటప్పుడు వేశారా, పులిసిన తర్వాత వేశారా?
3. ఈ బ్యాచ్ ట్యాప్‌లోకి ఎప్పుడు వచ్చింది?
4. మసాలా లేని ఇదే రకం బీరు ఉందా?

రెండో ప్రశ్న చాలా ముఖ్యం. చారులో ధనియాల పొడి మొదట్నుంచీ మరిగిస్తే వాసన ఆవిరైపోయినట్టే బీరులోనూ అవుతుంది. అందుకే ధనియాలను మరుగు చివరి ఐదు పది నిమిషాల్లో వేస్తారు. విట్‌బియర్‌కు లీటరుకు ఒక గ్రాము చుట్టుపక్కల ధనియాలు మామూలు లెక్క. పులిసిన తర్వాత చల్లటి ట్యాంకులో మసాలా వేస్తే వాసన ముందుకొస్తుంది, కానీ కాస్త పచ్చిగా అనిపిస్తుంది. జవాబు ముందే తెలిస్తే ముక్కు ఏం వెతకాలో తెలుస్తుంది.

మీ ఊహను పరీక్షించుకోవాలనుకుంటే, మొదటి ప్రశ్న చివరికి వాయిదా వేయండి. అదే మంచిదని మా అభిప్రాయం. ముందే పేర్లు వింటే లేనివి కూడా ఉన్నట్టే అనిపిస్తాయి.

## 4. ఎన్ని, ఏ వరసలో

చిన్న గ్లాసుల సెట్ అడగండి. టేస్టర్ అంటే సాధారణంగా 100 మి.లీ. చుట్టూ. నాలుగు చాలు. ఐదోది తీసుకున్నా నాలుక చెప్పేది నమ్మడానికి లేదు.

1. మసాలా లేని లేత గోధుమ బీరు (మూల రుచి తెలియడానికి)
2. హెఫెవైజెన్ (ఈస్ట్ లవంగం తెలియడానికి)
3. విట్‌బియర్ (నిజం ధనియాలు)
4. దాల్చిన చెక్క, అల్లం, మిరియాలు లాంటి ఘాటు మసాలా ఉన్నది, లేదా మద్యం ఎక్కువున్నది

చేదు బాగా ఉన్న ఐపీఏని (హాప్స్ దట్టించే బీరు రకం) ఈ వరసలో పెట్టకండి. తాగి తీరాలంటే అన్నింటి తర్వాత. మొదట్లో తాగితే ఆ చేదు నాలుక మీద కూర్చుని ధనియాల సున్నితాన్ని మింగేస్తుంది.

మధ్యలో నోరు కడుక్కోవడానికి మామూలు చల్లదనం ఉన్న మంచినీళ్లు, ఉప్పూ కారం లేని బొరుగులు లేదా సాదా బ్రెడ్డు పెట్టుకోండి. మసాలా పల్లీలు, మిక్చర్ బల్ల మీదికి వస్తే పక్కకు జరపండి.

## 5. గ్లాసు, చల్లదనం

ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించిన మగ్గు ఇస్తే మార్చమనండి. మంచు కరిగి బీరులో కలుస్తుంది, వాసన అణిగిపోతుంది. పై భాగం కాస్త లోపలికి ఒదిగిన తులిప్ గ్లాసు దొరికితే మంచిది. గ్లాసు మూడింట రెండు వంతులు నిండితే చాలు, వాసన నిలవడానికి జాగా కావాలి.

గ్లాసు లోపలి గోడలకు బుడగలు గుంపుగా అంటుకుని ఉంటే సబ్బో, నూనెజిడ్డో మిగిలిందని అర్థం. నురుగు కూడా తొందరగా చచ్చిపోతుంది. అలాంటప్పుడు వేరే గ్లాసు అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ట్యాప్ నుంచి బీరు 4 నుంచి 6 డిగ్రీల దగ్గర వస్తుంది. మసాలా వాసనలు 8 నుంచి 10 డిగ్రీల దగ్గర విచ్చుకుంటాయి. మన ఎండలకు ఐదారు నిమిషాలు బల్ల మీద పెడితే అక్కడికి చేరుతుంది. ఏసీ గదిలో అయితే గ్లాసును అరచేతుల్లో కాసేపు పట్టుకోండి.

## 6. చూపు

తెల్ల కాగితం ముందు పెట్టి రంగు, మబ్బుతనం, నురుగు చూడండి. విట్‌బియర్ లేత పసుపు, పాలపొర పట్టినట్టు మబ్బుగా ఉండాలి, నురుగు తెల్లగా దట్టంగా ఉండాలి. అడుగున మసాలా తుక్కు పేరుకుని ఉంటే వడపోత సరిగా లేదు. పది సెకన్లు చాలు, ఇక్కడ ఎక్కువసేపు ఆగితే నురుగు మీది వాసన పోతుంది.

## 7. వాసన

మొత్తం పనిలో సగం ఇదే. వరస తప్పకుండా చేయండి.

1. దూరం నుంచి: గ్లాసును ముక్కుకు జానెడు దూరంలో అటూ ఇటూ కదపండి. మొదట తగిలిన మాటను రాసుకోండి. మొదటి ఊహ చాలాసార్లు సరైనది.
2. దగ్గర నుంచి: ముక్కును గ్లాసు అంచు దగ్గర పెట్టి రెండు మూడు పొట్టి పొట్టి శ్వాసలు తీయండి. గాఢంగా లాగితే ముక్కు వెంటనే అలవాటుపడి ఏమీ తెలియదు.
3. మూసి తిప్పి: గ్లాసు మీద అరచెయ్యి మూతగా పెట్టి మూడు చుట్లు మెల్లగా తిప్పి, చెయ్యి తీయగానే పసిగట్టండి. అడుగున దాగిన యాలకులు, జాజికాయ ఇక్కడ బయటపడతాయి.
4. విరామం: ముక్కు మొద్దుబారితే మీ మోచేతి మడతను వాసన చూడండి. సొంత ఒంటి వాసన దగ్గర ముక్కు తేరుకుంటుంది.

ప్రతి వాసనకూ "మసాలా వాసన" అని రాసేస్తే పని కాదు. ఏ మసాలా, పచ్చిదా వేయించినదా, తొక్కా గింజా, తాజానా పాతదా అని రాయండి. ధనియాలు పాతబడినవైనా, మోతాదు మించినా సబ్బు వాసన, ఆకుకూర కాడల వాసన రావచ్చు.

## 8. గుక్క

ఒక టేబుల్‌స్పూను, అంటే 15 మి.లీ. నోట్లోకి తీసుకోండి. నాలుక అంతా తడిసేలా మూడు నాలుగు సెకన్లు తిప్పి మింగండి. వైన్‌లా ఉమ్మేయకండి. గొంతు దిగిన తర్వాత వచ్చే చేదు, చురుకు బీరు రుచిలో భాగం.

మింగగానే నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. నోటి వెనక నుంచి ముక్కుకు చేరే ఈ దారిలోనే మసాలా అసలు రూపు తెలుస్తుంది. గ్లాసు మీద వాసన చూసినప్పుడు దొరకని దాల్చిన చెక్క ఇక్కడ చాలాసార్లు దొరుకుతుంది.

తర్వాత అర నిమిషం ఆగండి. ఈ అర నిమిషంలో వరసగా చూడాల్సినవి:

- తీపి ఎంతసేపుంది? చక్కెర తీపా, మాల్ట్ తీపా? దాల్చిన చెక్క వాసన ఒక్కోసారి లేని తీపిని ఉన్నట్టు చూపిస్తుంది.
- చేదా, వగరా? చేదు నాలుక మీద తగిలి తగ్గుతుంది. వగరు చిగుళ్లను, బుగ్గలను లోపలికి పట్టి ఎండబెడుతుంది. దాల్చిన చెక్కను ఎక్కువసేపు మరిగించినా, నారింజ తొక్కతో తెల్ల పొర పడినా వగరు వస్తుంది.
- వేడి ఎక్కడ? నాలుక మీదా, గొంతులోనా, ఛాతీలోనా? ఛాతీలో వెచ్చదనమైతే అది మద్యానిది.

రెండో గుక్కతో సరిచూసుకోండి. మొదటి గుక్క నోటిని సిద్ధం చేయడానికే. తీర్పు రెండో గుక్క తర్వాతే. సగం గ్లాసు పది నిమిషాలు ఉంచి, బీరు కాస్త వెచ్చబడ్డాక మళ్లీ చూడండి. మంచి మసాలా బీరు వెచ్చబడితే ఇంకా తెరుచుకుంటుంది, సరిగా కుదరనిది చెదిరిపోతుంది.

## 9. మసాలానా, ఈస్టా, హాప్సా?

లవంగం. పక్కనే అరటిపండు ఉందా చూడండి. రెండూ కలిసి ఉంటే అది ఈస్ట్ పనే అనుకోవచ్చు. గోధుమ, బార్లీ మాల్ట్‌లో ఉండే ఫెరూలిక్ ఆమ్లాన్ని కొన్ని ఈస్ట్‌లు 4-వినైల్ గ్వయాకాల్‌గా మారుస్తాయి, దాని వాసన లవంగానికి దగ్గరగా ఉంటుంది. అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్‌ది, అదీ ఈస్ట్ పుట్టించేదే. నిజం లవంగంలో ఉండేది యూజినాల్. అది ఎక్కువ పడితే నాలుక కొసన కాస్త తిమ్మిరి తెలుస్తుంది. పంటినొప్పికి లవంగనూనె పెట్టుకున్నవాళ్లకు ఆ తిమ్మిరి తెలిసిందే. ఈస్ట్ లవంగానికి ఈ తిమ్మిరి ఉండదు.

మిరియాలు. ఇది అన్నింటికన్నా తేలికైన పరీక్ష. ఈస్ట్ మిరియాల వాసన ఇవ్వగలదు, చురుకు ఇవ్వలేదు. చురుకు పైపెరిన్‌ది, అది మిరియాల గింజలో ఉంటుంది. మింగిన తర్వాత నాలుక వెనక సన్నగా చురచురమంటే గింజలు పడ్డట్టే. ముక్కుకు మిరియాలు, నాలుకకు ఏమీ లేకపోతే ఈస్ట్ అని రాసుకోండి. బుడగల చిమచిమను చురుకు అనుకుని పొరబడొద్దు. బుడగలు నోట్లో ఉన్నంతసేపే పొడుస్తాయి, మిరియాలు మింగాకే మొదలవుతాయి.

నిమ్మ, నారింజ. ఇక్కడ అనుమానితులు ముగ్గురు. ధనియాలు, పండు తొక్క, హాప్స్. ధనియాల్లో ఉండే లినలూల్ హాప్స్‌లోనూ ఉంటుంది కాబట్టి ముక్కు ఒక్కదాన్నే నమ్మితే తేలదు. సిట్రా, క్యాస్కేడ్ లాంటి అమెరికా హాప్స్ అయితే వాసన వెనకే చేదు కూడా వస్తుంది. చేదు లేకుండా పూలతో కలిసిన నిమ్మ తీరు ఉంటే ధనియాలు. చివర్లో కొంచెం వగరు, తొక్క పిండినప్పటి నూనె తగిలితే పండు తొక్క. ఐబీయూ 20 లోపు ఉన్న బీరులో నిమ్మ వాసన గట్టిగా ఉంటే మొదట ధనియాలనే అనుమానించండి.

అల్లం, శొంఠి. వేడి గొంతులో తగులుతుంది, ఈస్ట్ ఇది ఇవ్వదు. పచ్చి అల్లం నిమ్మ తాజాదనంతో వస్తుంది. శొంఠిది పొడి వేడి, ఎక్కువసేపు నిలుస్తుంది. అల్లం ఎండేటప్పుడు అందులోని జింజెరాల్ కొంత ఇంకా ఘాటైన షోగాల్‌గా మారుతుంది, అందుకే ఆ తేడా.

దాల్చిన చెక్క. మన అంగళ్లలో ఎక్కువగా దొరికేది ముదురు కాసియా చెక్క. వాసన ఘాటు, వగరు ఎక్కువ. పలచటి పొరలుగా చుట్టుకునే సిలోన్ చెక్క మెత్తగా, తీయగా ఉంటుంది. ఇంట్లో రెండింటినీ పోల్చి ఉంటే గ్లాసులో ఏది పడిందో ఊహించవచ్చు.

యాలకులు. పచ్చకర్పూరం గుర్తొచ్చే చల్లదనం. ఒక్క గింజ ఎక్కువైనా మిగతా మసాలాలన్నీ వెనక్కి పోతాయి. యాలకులు తప్ప ఇంకేమీ తెలియని బీరు మోతాదు తప్పిన బీరు.

## 10. తేడా వాసనలు

మసాలా ఎక్కువ దట్టిస్తే మూల బీరులోని లోపాలు కప్పుకుపోతాయి. వరసలో మొదటి గ్లాసు మసాలా లేనిది పెట్టుకోమన్నది అందుకే.

- వెన్న, పాప్‌కార్న్: డయాసెటైల్. పులియడం పూర్తికాకముందే ట్యాప్‌లోకి తెచ్చారు, లేదా పైపులు శుభ్రంగా లేవు.
- పచ్చి యాపిల్: ఎసిటాల్డిహైడ్. బీరు ఇంకా ముదరలేదు.
- ఉడికిన మొక్కజొన్న: డీఎంఎస్. మరిగించడం, చల్లార్చడం సరిగా జరగలేదు.
- తడిసిన అట్టపెట్టె: గాలి తగిలి పాతబడింది.
- ఆసుపత్రి మందు వాసన: నీటిలోని క్లోరిన్, బీరులోని ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసింది. దీన్ని లవంగం అనుకునేవాళ్లు ఎక్కువ. లవంగంలో తీపి ఉంటుంది, ఇందులో ఉండదు.
- వెనిగర్ పులుపు: పుల్లటి రకం అని మెనూలో రాయకపోతే బ్యాక్టీరియా చేరినట్టు, ట్యాప్ మురికి కూడా కావచ్చు.

ఇలాంటిది తగిలితే వాదన అక్కర్లేదు. "వెన్న వాసన వస్తోంది, ఒకసారి చూస్తారా?" అని అడగండి. పని తెలిసిన బ్రూయర్ వెంటనే రుచి చూసి మారుస్తారు.

## 11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరణలు

- ఏ గ్లాసూ వేరుగా అనిపించడం లేదు: చల్లదనం ఎక్కువ. పది నిమిషాలు ఆగండి.
- మూడో గ్లాసు నుంచి అంతా చేదే: నీళ్లు తాగి, బొరుగులు నమిలి, రెండో గ్లాసు మళ్లీ చూడండి. అదీ చేదైతే నాలుక అలసింది, అక్కడితో ఆపేయండి.
- చికెన్ 65 వచ్చాక రుచి మారిపోయింది: కారం మీద మద్యం, చేదు రెండూ మంటను పెంచుతాయి. తిండి రుచి చూడటం అయ్యాకే తెప్పించండి.
- పక్కవాళ్లు చెప్పిందే మీకూ తెలుస్తోంది: అందరూ రాసుకోవడం పూర్తయ్యేదాకా పైకి మాట్లాడొద్దని ముందే ఒప్పందం పెట్టుకోండి.

## 12. రాసుకోవాల్సిన చీటీ

ఫోన్‌లో అయినా సరే, గ్లాసుకో చీటీ:

- బీరు రకం, మద్యం శాతం, తేదీ
- మొదటి వాసన (ఒక్క మాట)
- గుర్తుపట్టిన మసాలాలు, ఒక్కోదాని పక్కన మ / ఈ / హా (మసాలా, ఈస్ట్, హాప్స్)
- చురుకు ఎక్కడ, ఎంతసేపు
- చేదు, వగరు: లేదు / కొంచెం / ఎక్కువ
- వెచ్చబడ్డాక మార్పు
- బ్రూయర్ చెప్పిన జవాబు

చివరి గడి నింపాక మీ ఊహతో పోల్చండి. తప్పిన దినుసునే మళ్లీ ఇంట్లో గిన్నెలో పెట్టి సాధన చేయండి.

## 13. లెక్క, తిరుగు ప్రయాణం

5 శాతం బీరు నాలుగు టేస్టర్లు, అంటే 400 మి.లీ.లో దాదాపు 16 గ్రాముల మద్యం ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం బండి నడిపేవాళ్ల రక్తంలో మద్యం 100 మి.లీ.కి 30 మి.గ్రా. దాటకూడదు. 60 కిలోల మనిషి మూడు టేస్టర్లు వెంటవెంటనే తాగితే ఆ గీత దగ్గరికి చేరొచ్చు. మొదటిసారి పట్టుబడితే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి బండి తీసేవాళ్లు వాసన చూడటం వరకే, గుక్క వద్దు. బెంగళూరు వెళ్తే ఆ రాత్రి అక్కడే ఉండండి, లేదా రైలు, బస్సు టికెట్ ముందే తీసుకోండి.

గ్రౌలర్‌లో (ట్యాప్ బీరు పట్టుకెళ్లే పెద్ద సీసా) నింపించుకుని రాష్ట్రం దాటించే ఆలోచన పెట్టుకోకండి. పక్క రాష్ట్రాల మద్యం మీద ఆంధ్రప్రదేశ్‌లో ఆంక్షలున్నాయి. పైగా ట్యాప్ బీరు దారి ఎండకు పాడవుతుంది. మరుసటి రోజు తిరుమల వెళ్లే పని ఉంటే ఈ కార్యక్రమం ఇంకో వారానికి మార్చుకోండి. కొండ మీద మద్యం నిషేధం, అలిపిరిలో సామాన్లు తనిఖీ చేస్తారు. బ్యాగులో మిగిలిన సీసా ఏదైనా ఉందేమో ఇంటి దగ్గరే చూసుకోండి.